పైసల పాట పాడిన మా అన్న

మొన్న మంగళవారం పొద్దున చీరకు ఫాల్ కుడుతుంటే వదిన ఫోన్ చేసింది. "మీ అన్న పోయిండు" అంది. ఫోన్ పెట్టేయాలని ఇద్దరికీ తోచలేదు.

ఆయన నాకు తోడబుట్టినవాడు కాదు. జహీరాబాద్ చుట్టుపక్కల పెళ్లిళ్లలో పాడే ఆర్కెస్ట్రా గాయకుడు. నేను ఆయన పక్కన పద్దెనిమిదేళ్లు పాడాను. మీలో కొందరు ఆయన పాట వినే ఉంటారు, పేరు మాత్రం తెలిసుండదు. డబ్బు మీద వచ్చిన సినిమా పాటలు ఆయనే పాడాలి. డబ్బున్నవాణ్ణి వెక్కిరించే పాట, జేబు ఖాళీ అయినవాడి పాట, రూపాయికి దండం పెట్టే పాట. అన్నీ ఎవరో పాడినవే. తనదంటూ ఆయనకు ఒక్క పాటా లేదు. అయినా చెరకు కోతలయ్యాక వచ్చే పెళ్లిళ్లలో జనం "పైసల పాట, పైసల పాట" అని అరిచేది ఆయన కోసమే.

స్టేజీ ఎక్కేముందు బుగ్గన అల్లం ముక్క పెట్టుకునేవాడు. నాకూ ఒకటి ఇచ్చేవాడు. మొదట్లో నేను బిగుసుకుపోతుంటే అన్నాడు: "పైసల పాట నవ్వుకుంట పాడాలె చెల్లె. ఏడ్చుకుంట పాడితే అడుక్కున్నట్టుంటది."

చిరాగ్‌పల్లిలో ఒక మధ్యాహ్నం పెళ్లి. పెళ్లికొడుకు మేనమామ తాగి స్టేజీ ఎక్కి, నోటొకటి నా జాకెట్టుకు గుచ్చబోయాడు. అన్న చెయ్యెత్తి వాయిద్యాలు ఆపించాడు.

"గా చెయ్యి తియ్యి. ఆమె నా చెల్లె."

"పైసల పాట పాడుకుంట పైసలొద్దంటవేందిరా?"

జనం నవ్వారు. అన్న మైకు కింద పెట్టి "నడువు చెల్లె" అన్నాడు. భోజనం కూడా చేయకుండా హైవే మీద బస్సెక్కి వచ్చేశాం. ఆ మేనమామ నలుగురికీ చెప్పడంతో ఆ ఏడాది మాట్లాడుకున్న పెళ్లిళ్లు మూడు పోయాయి. ఈ సంగతి అన్న ఎన్నడూ నాకు చెప్పలేదు. చాలా ఏళ్లకు వదిన చెప్పింది.

రెండేళ్ల కిందట ఆయన గొంతులో గడ్డ లేచింది. హైదరాబాద్ దవాఖానలో ఆపరేషన్ చేయాలన్నారు. "పాట ఉంటదా సారూ?" అని అడిగాడట. మాట కూడా ఉండదన్నారు.

ఆపరేషన్ తర్వాత నోటుబుక్కులో రాసి చూపించేవాడు. నాకూ ఇల్లు గడవాలి. రాయికోడ్‌లో ఒక పెళ్లికి కొత్త గాయకుడితో వెళ్లి అన్న పాడే పాటే పాడాను. ఎవరో తీసిన వీడియో ఆయన ఫోన్‌కు చేరింది. మర్నాడు భయపడుతూనే వెళ్లాను. నోటుబుక్కు నా ముందు పెట్టాడు. "రెండో చరణంల ఊపిరి నిలుస్తలేదు అతనికి. జర నేర్పు" అని ఉంది.

తిట్టినా బాగుండేది. ఏదో పని ఉందని చెప్పి లేచాను. మళ్లీ వెళ్లలేదు. ఎనిమిది నెలలు. ఆ ఇల్లు మా ఇంటికి రెండు వీధుల అవతలే. ఒకసారి బజారులో వదిన, "నువ్వొస్తవని మీ అన్న రోజూ ఎదురు చూస్తుండు" అంటే "ఆదివారం వస్త వదినా" అన్నాను. ఎన్నో ఆదివారాలు వచ్చి పోయాయి. నన్ను నలుగురిలో నిలబెట్టిన మనిషి ముందు పది నిమిషాలు కూర్చోలేకపోయాను. ఈ నాలుగు మాటలు రాసినంత మాత్రాన అది మాసిపోదని తెలుసు.

క్రైస్తవుల సమాధుల తోటలో అన్న పెట్టెను గుంతలోకి దించాక పాస్టర్ గారు నన్ను పిలిచి మైకు చేతికిచ్చారు. "పాటగాడు గదమ్మా. పాటతోనే సాగనంపుదాం. నువ్వే పాడాలె."

నోరు తెరిచాను. పాట రాలేదు. వెనక ఎవరో దగ్గారు. ఇంకెవరో తమ ఫోన్‌లో ప్రార్థన గీతం పెట్టి, నా చేతిలోని మైకు దగ్గరికి తెచ్చారు. మట్టి వేయడం మొదలైంది. గుంత అవతలి అంచున వదిన, మట్టి వైపు కాకుండా, కదలని నా పెదాల వైపే చూస్తూ నిలబడింది.