ఆదెమ్మ చిన్నమ్మ తాగిన వేరు

మొన్న నెల్లూరులో మూలికల అంగడి ముందు నిలబడితే, లోపలినుంచి తడిమట్టి వాసన కలిసిన ఒక చేదు ఘాటు ముక్కుకు తగిలింది. తొంగి చూస్తే ఒక సీసా మీద 'దిగులుకు, భయానికి' అని రాసి ఉంది. పాతాళగంధి వేరు పొడి అది. అరవై ఏళ్ళ కిందట, ముత్తుకూరుకు అవతల సముద్రపు ఒడ్డున ఉన్న మా జాలర్ల పాలెంలో, ఆ పొడిని గంజిలో కలిపి మా చిన్నమ్మ చేత రోజూ తాగించింది నేనే. నాకప్పుడు తొమ్మిదేళ్ళు.

చిన్నమ్మ పేరు ఆదెమ్మ, మా నాయన తమ్ముడి భార్య. నెత్తళ్ళ చేపలు ఇసుకలో ఎండబోసే రోజుల్లో, తాటాకు పందిరి కింద పిల్లలందరినీ చుట్టూ కూర్చోబెట్టుకుని, మామిడికాయ వేసిన చేపల పులుసుతో ముద్దలు కలిపి పెడుతూ, మధ్యలో లేచి పాలెంలోని ఆడవాళ్ళ నడకలన్నీ నడిచి చూపించి, మాకు పొలమారేదాకా నవ్వించేది. ఒక గాలివానలో ఆమె తోడబుట్టిన అన్న ఎక్కిపోయిన తెప్ప తిరిగి రాలేదు. అప్పటినుంచి చిన్నాయన వేటకు పోయే ప్రతి ఉదయమూ ఆమెకు వణుకు పుట్టేది; నీళ్ళలోకి పరుగెత్తి, తెప్పను పట్టుకుని కేకలు పెట్టేది. అపశకునమని మిగతావాళ్ళు చిన్నాయనను తమతో రానివ్వడం మానేశారు. మా అవ్వ మనుబోలు దాకా పోయి ఒక నాటువైద్యుడి దగ్గర ఆ పొడి తెచ్చింది. రోజుకు చిటికెడు, పది రోజులు చాలన్నాడట ఆయన.

పది రోజులకు కేకలు ఆగాయి. చిన్నాయన మళ్ళీ వేటకు పోయాడు. అవ్వకు ఆ నిశ్శబ్దం నచ్చింది. చిటికెడు కాస్తా చెంచాడైంది, పది రోజులు ఏడాదయ్యాయి.

"తాగించినావామ్మే?" అని పొయ్యి దగ్గరనుంచే అరిచేది.

"తాగించినా అవ్వా."

చిన్నమ్మ ముక్కు ఎప్పుడూ దిబ్బడేసి ఉండేది, పులుసు మాడినా తెలిసేది కాదు. చేతులు సన్నగా వణికేవి, అడుగులు కురచయ్యాయి. కూర్చోమంటే కూర్చునేది, లెమ్మనేదాకా లేచేది కాదు. మాకదొక ఆటయింది. ఎండలో నిలబెట్టి దాక్కునేవాళ్ళం. ఒకరోజు నేను బతికున్న పీతను ఆమె ఒడిలో వదిలాను. అది వేలు పట్టుకుంది, రక్తం కారింది, ఆమె దాన్నే చూస్తూ ఉండిపోయింది. అందరం పగలబడి నవ్వాం. ఆమె మెల్లగా నా వైపు తిరిగి, "నొప్పి తెలస్తానే ఉండాది పాపా" అంది.

మర్నాడూ నేను గంజి కలిపాను.

ఆ కార్తీకంలో చిన్నాయన సముద్రంలో పోయాడు. మూడో రోజు శవం ఒడ్డుకొచ్చింది. ఆడవాళ్ళు గుండెలు బాదుకుంటుంటే చిన్నమ్మ పొడికళ్ళతో కూర్చుంది. "మొగుడు సచ్చినా చుక్క నీళ్ళు రాలేదే, నువ్వు ఆడదానివేనా?" అంటూ గాజులు పగలగొడుతున్న ముసలామె ఆమెను చెంపమీద కొట్టింది. అవ్వ కూడా అందరితో కలిసి తిట్టింది. గంజిలో ఏం కలుపుతున్నామో అవ్వా చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

తర్వాత చిన్నమ్మ తల్లి వచ్చి, ఆ పొడి పోసిపెట్టిన డబ్బా చూసి, ఆమెను నెల్లూరు డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. మా నాయన వెంట నేనూ వెళ్ళాను. మెదడులో ఒక నరం నుంచి ఇంకో నరానికి కబురు మోసే రసాలుంటాయనీ, ఈ వేరు వాటిని ఖాళీ చేస్తుందనీ చెప్పాడు డాక్టరు.

"భయం ఒక్కటే పోదయ్యా. ఏడుపూ నవ్వూ కూడా పోతాయి. మాన్పించండి."

మాన్పించారు. చిన్నాయన పోయిన మూడు నెలలకు, ఒక మధ్యాహ్నం వల చిక్కు తీస్తూ తీస్తూ, చిన్నమ్మ పెద్దగా ఏడ్చింది. మొగుడు అప్పుడే పోయినట్టు నీళ్ళలోకి పరుగెత్తింది. నాలుగు రోజులు ఏడ్చింది. ఒక్కరూ పక్కన కూర్చోలేదు. "ఇప్పుడేందమ్మే ఈ నాటకం?" అని తడికలు మూసుకున్నారు.

అయిదో రోజు అవ్వ నన్ను పిలిచి, "ఆ డబ్బా యాడ పెట్టినావమ్మే?" అంది. తెచ్చిచ్చాను.

చిన్నమ్మ ఆ తర్వాత పదకొండేళ్ళు బతికింది. మళ్ళీ ఏడవలేదు.

ఇప్పుడు ఆ పాలెం లేదు, దాని మీదుగా లారీలు పోయే రోడ్డు వేశారు. ఆమెను ఎరిగినవాళ్ళు ఇద్దరో ముగ్గురో మిగిలారు. ఎప్పుడైనా మాట వస్తే, మొగుడు చస్తే ఏడవని ఆడది అంటారు. నేను తలూపుతాను.