రాజు వేషంలో మా చిన్నాయన

ఆ రోజుల్లో దేవసూగూరు పక్కన థర్మల్ ప్లాంటు పొగగొట్టాలు ఒకదాని తర్వాత ఒకటి లేస్తుండేవి. గొట్టం లేచినప్పుడల్లా మా రాయచూరు కుర్రాళ్ళలో కొందరికి ఉద్యోగం, మిగిలినవాళ్ళకి ఆశ వచ్చేవి. నాకు మొదట ఆశ వచ్చింది, చాన్నాళ్ళకి బొగ్గు సెక్షన్లో టెంపరరీ ఉద్యోగం వచ్చింది. ఆరేసిన బట్టల మీదా, వడ్డించిన అన్నం మీదా సన్నగా బూడిద రాలేది. నేను గంటసేపు అద్దం ముందు నిలబడి దువ్వుకున్న క్రాపు కూడా, గేటు దాకా నడిచేసరికి మా తాత తలలా అయిపోయేది. (క్రాపు మీద నాకంత నమ్మకం ఎందుకుండేదో ఇప్పుడు చెప్పలేను. చూపించడానికిప్పుడు అది లేదు కూడా.) నేనుండేది ప్లాంటు కాలనీ అంచున, మా చిన్నాయన ఇంట్లో. ఈ కథ ఆయనది. నేను మధ్యలో టోపీ పెట్టుకుని నిలబడతాను, అంతే.

మా చిన్నాయన అంటే నాన్నగారి తమ్ముడు. మా వైపు హార్మోనియాన్ని పేటీ అంటారు, అందుకని ఊరంతా ఆయన్ని పేటీ మాస్టరు అనేది. చిన్నప్పుడు రాయచూరులో డేరా వేసిన నాటకం కంపెనీ వెంట వెళ్ళిపోయి, పేటీ వాయించడం నేర్చుకున్నాడట. కంపెనీ నాటకాల్లో హీరో రాగం ఎత్తుకుంటే ఒక పట్టాన దించడు కదా, పేటీవాడు వేళ్ళు నొప్పిపుట్టేదాకా వెంట పోవాల్సిందే. ఒకనాడు అట్లాగే హీరో రాగం సాగదీస్తుంటే, మా చిన్నాయన పేటీలోంచి ఆవులింత తీశాడు. నిజంగానే, తిత్తి లాగి రెండు మెట్లు నొక్కి, మనిషి ఆవులించినట్టే వినిపించాడు. డేరా పగిలిపోయేట్టు నవ్వారు. హీరో కొట్టడానికొచ్చాడు గానీ, యజమాని తెలివైనవాడు, మర్నాటి నుంచి పేటీతో సహా స్టేజీ మీద కూర్చోబెట్టాడు. ఆ తర్వాత అందులోంచి కృష్ణ వంతెన మీద రైలు పోయింది, ఎద్దుబండి కిర్రుమంది, కోడల్ని చూసి అత్తగారు నిట్టూర్చింది. తెలుగువాళ్ళని తెలుగులో, కన్నడంవాళ్ళని కన్నడంలో, సాయిబుల్ని ఉర్దూలో నవ్వించాడు. దేవదుర్గ నుంచి సింధనూరు దాకా ఆయన నడిచొస్తుంటే పిల్లలు ముందుగానే నవ్వడం మొదలుపెట్టేవారు. తర్వాత సినిమాలొచ్చాయి, టీవీలొచ్చాయి, డేరాలు పోయాయి. చిన్నాయన ప్లాంటు గేటు ముందు చాయ్ హోటలు పెట్టుకున్నాడు. కాలనీ క్లబ్బువాళ్ళు ఏడాదికోసారి వేసే నాటకంలో మాత్రం జోకరు వేషం ఆయనదే, వేరేవాళ్ళు వేస్తే జనం ఊరుకునేవాళ్ళు కాదు.

ఇన్నేళ్ళలో ఆయన నాటకం చూడని మనిషి ఆ చుట్టుపక్కల ఒక్కరే ఉండేవారు. మా చిన్నమ్మ. పెళ్ళిచూపులప్పుడు మధ్యవర్తి సంగీతం మాస్టరని చెప్పాడట. పేటీ చూసి వాళ్ళ నాన్న నమ్మాడు, అబద్ధమూ కాదు. పెళ్ళయ్యాక గానీ మిగతా సగం తెలియలేదు. చిన్నమ్మ గొడవ చేయలేదు, పుట్టింటికీ పోలేదు, ఒక్క మాట మాత్రం అన్నది. "నా మొగుణ్ణి చూసి ఊరంత నవ్వుతుంటే, నేను చాప ఏసుకోని కూసోని చూడాల్నా? నాతోని కాదు." ఇక ఆ మాట మీదే ఉంది. చిన్నాయన బయట ఎంత నవ్వించినా ఇంటికొచ్చి చెప్పేవాడు కాదు. ఆమె అడిగేది కాదు. జొన్నరొట్టె పెట్టేటప్పుడు మాత్రం ఆయన మొహం వైపు చూసి, ఆ పూట బాగా నవ్వారో లేదో తెలుసుకునేదని నాకు అనుమానం.

ఆ ఏడాది నాటకం స్టేజి సరిగ్గా మా ఇళ్ళ వరస ముందున్న మైదానంలోనే కట్టారు. పక్క క్వార్టర్లవాళ్ళందరూ రమ్మని చిన్నమ్మని సతాయించారు. చివరికి ఆమె రొట్టె తడుతూ, ఎటూ చూడకుండా, "జోకరేషం ఎయ్యనంటే వస్తా" అంది. చిన్నాయన చేతిలో ముక్క చేతిలోనే ఉండిపోయింది. తెల్లారి పొద్దున్నే, చాయ్ నీళ్ళు కూడా పెట్టకుండా, క్లబ్బు సెక్రటరీ అయిన ఇంజినీరు సారు ఇంటికి పోయి రాజు వేషం అడిగాడు. సారు నవ్వాడు. ఇదీ జోకే అనుకున్నాడు. "జోకు కాదు సార్. మా ఇంట్లామె వస్తుంది. ఒక్కసారి ఆమె ముందర రాజు లెక్క నిలవడాలె" అని ఈయన చేతులు కట్టుకుంటే, సారు మెత్తబడి సరేనన్నాడు. మరి జోకరు వేషం ఎవరికి? హీరో క్రాపుతో తిరుగుతున్న నాకు.

నేను రెండు రోజులు అలిగాను. "ఏందిరా, హీరో పని ఏముంటది, నిలవడి పాడుడే. నవ్విచ్చేది కష్టం, అది నీకిస్తున్న" అన్నాడు చిన్నాయన. ఆ మాటకి పొంగిపోయాను. తన జోకులన్నీ నాకు దానం చేశాడు. వాటిలో గొప్పది, జనం ఏటేటా చప్పట్లు కొట్టేది, జోకరు బంటు వేషంలో పరిగెత్తుకొచ్చి చెప్పేది. "మహారాజా, శత్రువులొచ్చిండ్రు. చాయ్ తాగి పోతరా, అట్లనే పోతరా అడగమంటరా?"

నాటకం రోజు దీపాలు పెట్టే వేళకే మైదానం నిండింది. చిన్నమ్మ ముందు వరసలో, పెట్టెలో దాచుకున్న పట్టుచీర కట్టుకుని కూర్చుంది. నేను బల్లెం పట్టుకుని పరిగెత్తుకొచ్చి, గుక్కతిప్పుకోకుండా శత్రువుల చాయ్ సంగతి చెప్పాను. ఎవరూ నవ్వలేదు. పరామర్శకి వచ్చినట్టు కూర్చున్నారు. వెనకాల ఎవరో ముసలాయన, "పాపం, ఎవరి పిల్లగాడు?" అనడం స్పష్టంగా వినపడింది. తర్వాత కిరీటంతో మా చిన్నాయన ప్రవేశించాడు. ఇంకా నోరు తెరవలేదు, జనం ఘొల్లుమన్నారు. ఆయన గంభీరంగా "ప్రజలారా" అన్నాడు, పొట్టలు పట్టుకున్నారు. ఆయన మీసం సవరించుకున్నాడు, విజిళ్ళు. నవ్వించడానికి వచ్చినవాణ్ణి చూసి జాలిపడుతూ, ఏడిపించడానికి వచ్చినవాణ్ణి చూసి నవ్వుతూ, ఆ జనం మా ఇద్దరి పరువూ ఒక్కసారే తీశారు.

అసలు ఘట్టం సేనాపతి చావు. ఆ వేషం వేసింది టర్బైను సెక్షన్లో పనిచేసే మనిషి, మేం టర్బైనన్న అనేవాళ్ళం. షిఫ్టు సైరన్ మోగితే ఆయన డ్యూటీ ఎక్కాలి. తొందరగా చచ్చిపోయే వేషమైతే తొందరగా పోవచ్చని ఏరికోరి తీసుకున్నాడు. ఆయన చచ్చాడు. రాజు ఆ తల ఒళ్ళో పెట్టుకుని శోకగీతం ఎత్తుకున్నాడు, పక్కనే బల్లెంతో నేను. రాగం తీశాడు, ఇంకా తీశాడు. ఒకప్పుడు ఆవులింతతో ఎగతాళి చేసిన రాగాన్ని తనే దించలేకపోతున్నాడు, కళ్ళు ముందు వరస మీదే ఉన్నాయి. జనం మాత్రం జోకు ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుందని నవ్వుతూనే ఉన్నారు. పాట ముగియగానే అల్లరికి "వన్స్‌మోర్" అని అరిచారు. కంపెనీ నాటకాలవాళ్ళకి ఆ మాట దేవుడి ఆజ్ఞ, విన్నాక పాడకపోతే పాపం. అరిచింది ఎగతాళికని తెలిసి కూడా, ఆయన మళ్ళీ మొదటి నుంచీ ఎత్తుకున్నాడు. సరిగ్గా మధ్యలో సైరన్ మోగింది.

చచ్చిన సేనాపతి లేచాడు. అలవాటు. లేచి, దుమ్ము దులుపుకుని, ఎక్కడున్నాడో అప్పుడు గుర్తొచ్చి, మర్యాదగా రాజుకి నమస్కారం పెట్టి, ప్లాంటు గేటు వైపు చూస్తూ నిలబడ్డాడు. కింద మైదానంలో సగంమంది కూడా టిఫిన్ డబ్బాలు పట్టుకుని లేచారు. ఒక్క క్షణం ఎవరూ నవ్వలేదు. చిన్నాయన ముందు వరస వైపు చూశాడు. నేనూ చూశాను. చిన్నమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది. ఆయన మొహం ఆ క్షణంలో ఎట్లా వెలిగిందో నేను చెప్పలేను. రాజు గెలిచాడు, ఇక రాజుతో పని లేదన్నట్టు భుజాలు వదులు చేసుకున్నాడు.

"సేనాపతీ, చచ్చినా డ్యూటీ మరువకపోతివి. పో నాయనా, పంచింగు కొట్టి రా. నువ్వొచ్చేదాంక నీ చావు నేను చూసుకుంట." కిరీటం తీసి నా చేతిలో పెట్టి, "ఒరే, రాజ్యం జర చూస్తుండు" అని సేనాపతి చోటులో తనే పడుకుని కళ్ళు మూశాడు. మళ్ళీ ఒక కన్ను తెరిచి, నిలబడ్డ కన్నడం కూలీలతో, "హోగి బర్రెప్పా" అన్నాడు, పోయి రండి, రాజ్యం ఎక్కడికీ పోదన్నట్టు. ఇక ఆ నవ్వు పొగగొట్టం మీది పక్షుల్ని లేపింది. నేను ఏం చేయాలో తెలియక, జోకరు టోపీ మీదే కిరీటం పెట్టుకున్నాను. నా కళాజీవితంలో జనం నన్ను చూసి నవ్వింది అప్పుడే. అందులో నా ప్రతిభ ఏమీ లేదు. చిన్నమ్మ కొంగు నోట్లో కుక్కుకుని, భుజాలు అదిరిపోతూ నవ్వడం కూడా అప్పుడే చూశాను.

ఇంటికి పోతుంటే చిన్నాయన అడిగాడు. "ఎందుకు ఏడ్చినవ్?"

"రాజు బాధ చూడలేక" అంది చిన్నమ్మ.

అంతే. ఆ తర్వాత ఆయన బతికినంతకాలం, చాయ్ తాగడానికి వచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు. "జోకరుగ జిల్లానంత నవ్విస్తి. రాజుగ ఒక్కామెను ఏడిపిస్తి. అదే నాకు బిరుదు." చిన్నమ్మ మళ్ళీ ఏ నాటకమూ మానలేదు. ఆయన జోకరు వేషం వేసినా ముందు వరసలోనే కూర్చునేది.

చిన్నాయన పోయి చాలాకాలమైంది. నేను రిటైరయ్యాక ఒకసారి రాయచూరులో చిన్నమ్మని చూడడానికి వెళ్ళాను. మాటల్లో ఆ నాటకం వచ్చింది. రాజు మీద అంత దుఃఖం ఎట్లా వచ్చింది చిన్నమ్మా అన్నాను.

"ఏ రాజురా? నాకెక్కడి రాజు?" అంది. "మీ చిన్నాయన పానం పెట్టి పాడుతుంటే అందరు నవ్వవడితిరి. ఒక్కరన్న ఇనకపోతిరి. నా మొగని పాట అంత మంచిగుంటే ఎవరికి ఇనరాలేదని ఏడుపొచ్చింది. ఆయనేమో రాజుకనుకున్నడు. అనుకోనీ అని ఊకున్న. మంచిగనే బతికిండు గద, ఆ సంబరంల."

ఆ పాట గుర్తుందా చిన్నమ్మా అన్నాను. "నీకు లేదా? పక్కనే నిలవడితివి గద" అంది. నిజమే, మూరెడు దూరంలో నిలబడ్డాను. ఎంత తవ్వుకున్నా ఒక్క ముక్క రాలేదు. ఆ టోపీవాడు పాట జరిగినంతసేపూ తర్వాత తను చెప్పాల్సిన జోకు వల్లించుకుంటున్నాడు, పాపం, దానికైనా నవ్వుతారేమోనని. వాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నాకే నవ్వొస్తుంది, ముద్దూ వస్తుంది. చిన్నమ్మ కళ్ళు మూసుకుని, వణికే గొంతుతో, రాగం దగ్గర్నుంచి మొదలుపెట్టింది. నేను కదలకుండా కూర్చుని చివరిదాకా విన్నాను.