రా కాదు, రాండ్రి

నా బిడ్డ నన్ను పరాయివాణ్ణి చేసిందని మొన్నటిదాకా కనబడ్డ ప్రతివాడికీ చెప్పుకున్నాను. అబద్ధం. చేసుకున్నది నేనే. రోజూ సాయంత్రం ఏడింటికి ఫోన్లో, పనిగట్టుకుని మరీ చేసుకున్నాను.

మాది కమ్మర్‌పల్లి. పనేమో బోధన్ చుట్టుపక్కల. విత్తనాల కంపెనీలో ఫీల్డ్ సూపర్‌వైజర్‌ని. చెరకు పోయి వరి వచ్చిన ఈ పొలాల్లో మేము ఆడమగ వరి వేయిస్తాం. మగ వరుసల పుప్పొడి ఆడ వరుసల మీద పడితేనే విత్తనం కడుతుంది. అందుకని పూత మీదున్న ఎనిమిది పది రోజులూ పొద్దెక్కాక ఇద్దరు మనుషులు చెరో గట్టు మీదా నడుస్తూ పైరు మీదుగా తాడు లాగాలి. ఒక్క రోజు తప్పితే తాలే మిగులుతుంది. ఆ రోజుల్లో నాకు ఇల్లూ వాకిలీ లేవు. మామూలప్పుడైతే పదిహేను రోజులకోసారి బోధన్‌లో బస్సెక్కి నిజామాబాద్, అక్కణ్ణుంచి ఆర్మూరు, ఆర్మూరులో షేర్ ఆటో. ఇల్లు చేరి తిని పడుకుంటే, తెల్లారి మళ్లీ అదే దారి.

వర్ని, మోస్రా పొలాల్లో మాత్రం నేను సారును. మా బాపు వయసు రైతులు "సారు, మీరు" అంటూ నిలబడేవాళ్లు. నేను వాళ్లను నువ్వు అనేవాణ్ణి. మోస్రాలో ఒక పెద్దాయన కేళీలు, అంటే వేరే రకం మొక్కలు, సరిగ్గా ఏరలేదు. "మీరు సెప్పినట్టే ఏరినం సారూ, నడుమల వాన వడ్డది" అని ఏదో చెప్పబోయాడు. "నువ్వు నోరు ముయ్యి. నీ పొలం విత్తనం తీస్కోను" అన్నాను, ఆయన కోడలి ముందే. పెద్దాయన తల దించుకున్నాడు. నాకు కడుపు నిండినట్టయింది. ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది. అప్పుడు వేయలేదు.

బోధన్‌లో ఒక టైలర్ ఇంటి పైన రేకుల గదిలో ఉండేవాణ్ణి. ఆయనకు ముగ్గురు ఆడపిల్లలు. తండ్రి దుకాణం కట్టేసి రాగానే ముగ్గురూ "అబ్బా, ఆప్ ఆ గయే?" అంటూ ఎదురెళ్లేవాళ్లు. ఉర్దూలో అబ్బా అంటే బాపు, ఆప్ అంటే మీరు. చిన్నదానికి నాలుగేళ్లుండవు, అదీ ఆప్ అనేది. మెట్ల మీద నిలబడి వింటుంటే నాకు కుళ్లు పుట్టేది. ఆయన రోజూ పిల్లల దగ్గరికి వస్తున్నాడని కుళ్లు. అది ఒప్పుకోలేక, వాళ్ల మర్యాద నచ్చిందని నాకు నేను చెప్పుకున్నాను.

నా బిడ్డకప్పుడు ఐదేళ్లు. ఫోన్ చేయగానే ఒకటే మాట. "బాపూ, నువ్వెప్పుడొస్తవ్?" నా దగ్గర జవాబు లేదు. అందుకని ప్రశ్నలో తప్పు పట్టాను.

"వస్తవ్ గాదు. మీరెప్పుడొస్తరు అనాలె. పెద్దోళ్లను గట్లనే అంటరు."

పిల్ల పక్కనుంచి నా భార్య అందుకుంది. "మీ బాపును నువ్వేమన్నవ్? సచ్చేదాంక నువ్వనే అన్నవ్ గద?"

"నడుమల నువ్వు రాకు" అన్నాను.

అప్పట్నుంచి నువ్వు అంటే చాలు, ఫోన్ పెట్టేసేవాణ్ణి. పిల్ల మళ్లీ చేయించేది, మళ్లీ నువ్వనేది, మళ్లీ పెట్టేసేవాణ్ణి. మూడోసారికి గొంతు తగ్గించి "మీరు" అనేది. అప్పుడు మెచ్చుకునేవాణ్ణి. ఈ ఘనకార్యం ఒకరోజు టైలర్‌కు కూడా చెప్పాను. ఆయన పళ్ల మధ్య దారం తెంపి నవ్వాడు.

"మా ఇండ్లల్ల ఆప్ అంటే ప్రేమనే సారూ. పుట్టినప్పటిసంది అదే ఇంటరు. మీ దాంట్ల మీరు అనేది సుట్టాలను గద?"

బట్టలు కుట్టుకునేవాడు నాకు తెలుగు నేర్పుతాడా అని ఒళ్లు మండింది. వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు.

యాసంగి వరి పూతకొచ్చినప్పుడు పిల్లకు జ్వరం వచ్చింది. రెండ్రోజులైనా దిగలేదు. నా భార్య ఫోన్ దాని చెవి దగ్గర పెట్టింది.

"బాపూ, నువ్వు రా."

వర్నిలో రెండు పొలాలు నిండా పూత మీదున్నాయి. వెళ్లలేను. వెళ్లలేనని ఆ గొంతుతో చెప్పే ధైర్యం నాకు లేదు.

"రా కాదు" అన్నాను. "ఏమనాలె?"

అటునుంచి ముక్కు మూసుకుపోయిన ఊపిరి వినిపిస్తోంది. "గిప్పుడు గూడనా?" అంది నా భార్య వెనకనుంచి. నేను ఊరుకోలేదు, "ఏమనాలె?" అని ఇంకోసారి అడిగాను. జ్వరంలో ఆ పిల్ల ఎలా వెతుక్కుందో ఏమో, చివరికి ఆ మర్యాద మాట పట్టుకుంది.

"రాండ్రి బాపూ."

శాబాష్ అన్నాను. వెళ్లలేదు. వెళ్లింది పన్నెండు రోజుల తర్వాత.

నేను వెళ్లేసరికి జ్వరం ఎప్పుడో తగ్గిపోయింది. వాకిట్లో వాళ్ల మేనమామ వీపెక్కి "మామా, నువ్వు ఇంక ఉరుకు, నువ్వు ఉరుకు" అని జుట్టు పీకుతోంది. నన్ను చూసి దిగింది. ఇంతకుముందైతే వచ్చి కాళ్లకు చుట్టుకునేది. ఇప్పుడు లోపలికి వెళ్లి, గ్లాసు రెండు చేతులతో పట్టుకుని నీళ్లు తెచ్చింది.

"మీరు మంచిగున్నరా?"

గ్లాసు తీసుకుని పక్కన పెట్టాను. ఆ రోజంతా దాని వెంటే తిరిగాను. కావాలని చాక్లెట్ దాచిపెట్టాను, ఏడిపించాను, కోపంలోనైనా నువ్వంటుందేమోనని. అనలేదు. చివరికి పక్కన కూర్చోబెట్టుకుని బతిమాలాను.

"నువ్వు అను బిడ్డా. ఒక్కపారి."

అది ముందు వాళ్లమ్మ వైపు చూసింది. తర్వాత నా చేతిలో ఉన్న ఫోన్ చూసింది.

"వద్దు. మీరు ఫోన్ పెట్టేస్తరు."

నేను దాని ఎదురుగానే కూర్చుని ఉన్నాను. నా మోకాలు దాని మోకాలికి తగులుతోంది. ఫోన్ తీసి అవతల పెట్టాను. అయినా అది లేచి వాళ్లమ్మ దగ్గరికి వెళ్లిపోయింది. నా భార్య అన్నం వడ్డించింది. తిట్టినా బాగుండేది.

తెల్లారి ఆటో వచ్చింది. నేను బయల్దేరుతుంటే "పోకు" అని సంచి పట్టుకుని వాకిలంతా ఈడ్చే పిల్ల, గడప దగ్గర వాళ్లమ్మ పక్కన నిలబడి చెయ్యూపింది.

"మళ్ల రాండ్రి" అంది.

తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. ఆటో ఎక్కాను.