త్రికోటేశ్వరరావు మాస్టారి స్ప్రింగుల పరీక్ష

డ్రాయింగు మాస్టారు త్రికోటేశ్వరరావుకు ఉన్నది కార్ల పిచ్చి కాదు, కారు స్ప్రింగుల పిచ్చి. ఎంత గొప్ప కారైనా సరే, మనుషుల్ని ఎక్కించుకుని ఊరు దాటి వచ్చేదాకా దాన్ని కారని ఒప్పుకొనేవాడు కాదు.

1957లో నరసరావుపేట హైస్కూలు మైదానంలో పాత కార్ల ప్రదర్శన మొదలుపెట్టింది ఆయనే. ఆ ఏడాది వచ్చినవి మూడే. అందులో క్రోసూరు నుంచి వచ్చినదాన్ని రెండెడ్లు లాక్కొచ్చాయి. మెకానిక్ సత్తార్ పొద్దంతా దాని కింద పడుకున్నా ఇంజను దగ్గిందే గానీ కదల్లేదు.

"ఇంజను వదిలెయ్‌రా, స్ప్రింగులు చూడు," అన్నాడు మాస్టారు.

"కదలని కారుకు స్ప్రింగులెందుకు మాస్టారూ?"

"ఊగుతాం."

నాలుగేళ్లలో మూడు కార్లు పద్నాలుగయ్యాయి. మాచర్ల, గురజాల నుంచి కూడా వచ్చేవి. పల్నాడులో ఇన్ని మోటార్లున్నాయా అని గుంటూరువాళ్లు వచ్చి చూసిపోతుంటే సత్తార్ కాలరెగరేసుకుని తిరిగేవాడు. వాటిలో తొమ్మిది అతని చేతిమీద లేచినవే.

బహుమతి కావాలంటే స్ప్రింగుల పరీక్ష నెగ్గాల్సిందే, ఆ పరీక్షకు కారెక్కే మనుషుల్ని మాస్టారే ఏరేవాడు. మూటలు మోసేవాళ్లు, చెప్పులు కుట్టే శౌరి, కంకర కొట్టే ఆడవాళ్లు. "నువ్వెన్ని మణుగులుంటావు?" అని బరువు అడిగి, జవాబు వినకుండానే కార్లోకి తోసేవాడు.

1961లో నకరికల్లు ఆసామి గోపాలరావు ఎర్రతోలు సీట్ల ఇంగ్లీషు కారు తెచ్చాడు. కంకర కొట్టే ఆరోగ్యమ్మ దుమ్ము కాళ్లతో దాని తలుపు దగ్గర నిలబడేసరికి ఆయన మొహం మాడిపోయింది.

"ఏంది మాస్టారూ ఇది? బరువేగా కావాల్సింది? ఇసుక బస్తాలేయిస్తా."

"ఇసుక నోరు విప్పదు. కుదుపెక్కడ తగిలిందో మనిషే చెప్పాలి."

"అయితే మా బావమరుదులెక్కుతారు."

"వాళ్లు మీ కారుకు వంక పెడతారా?"

గోపాలరావుకు బహుమతి మీద చానా ఆశ. పళ్లు బిగించి స్టీరింగు పట్టుకున్నాడు. సత్తార్ పక్కన కూర్చున్నాడు. వెనక ఆరోగ్యమ్మ సీటు అంచున ఒదిగి కూర్చుంది. గురజాల రోడ్డెక్కాక మెల్లగా వెనక్కి ఆనుకుంది.

"అయ్యా, ఈ మైలురాయి కాడ్నించి ఆ కల్వర్టు దాకా కంకర నేను కొట్టిందే," అంది. "ఇంత మెత్తగా ఉంటదని నాకు తెలవదు."

గోపాలరావు కల్వర్టు దగ్గర వెనక్కి తిప్పాల్సిన కారును తిప్పలేదు. ఇంకో రెండు మైళ్లు పోనిచ్చాడు.

మైదానంలో దిగుతూ ఆరోగ్యమ్మ, "ఎడమపక్క వెనక చక్రం కాడ ఏందో మూలుగుతోంది," అంది. సత్తార్ దూరి చూశాడు. స్ప్రింగులో ఒక పట్టీ విరిగి ఉంది.

సత్తార్ మాస్టారిని పక్కకు లాగాడు. "ఇన్నేళ్లుగా అడగాలనుకుంటున్నా. మీకు స్ప్రింగుల గురించి నిజంగా ఏమన్నా తెలుసా?"

"నాకు సైకిలు తొక్కడమే రాదురా," అన్నాడు మాస్టారు నెమ్మదిగా. "వీళ్లను ఊరికే ఎక్కించుకోమంటే ఏ ఆసామి ఎక్కించుకుంటాడు? రూలంటే చచ్చినట్టు ఎక్కించుకుంటాడు."

సత్తార్ నోరు తెరిచేలోపే ఆయన తర్వాతి కారు దగ్గరికెళ్లి, ఎవరినో మణుగుల లెక్క అడుగుతున్నాడు.

మరుసటేడు ప్రదర్శననాడు పొద్దున్నే ఆరోగ్యమ్మ గుమ్మం ముందు రెండు కార్లు ఆగాయి. ఒకదాంట్లోంచి గోపాలరావు గబగబా దిగి, రెండో కారువాడు తలుపు తీసేలోపే, "ఆరోగ్యమ్మా, నేనే ముందొచ్చా," అన్నాడు.