వీపు మాత్రమే తెలిసినవాడు

మా అన్నయ్య లోకాన్ని ఎన్నిసార్లు ముంచాడో లెక్కలేదు. ఒకసారి వరదతో, ఒకసారి మాయరోగంతో, ఒకసారి ఏకంగా సూర్యుణ్ణే ఆర్పేసి. నవలలకు అట్టబొమ్మలు వేయడం అతని వృత్తి. ఈ మధ్య కుర్రకారు ఎగబడి చదివేదంతా ఒకటే రకం. లోకం నాశనమైపోతుంది, ఒక అమ్మాయీ ఒక అబ్బాయీ మిగిలి, శిథిలాల మధ్య ప్రేమించుకుంటారు. అమ్మానాన్నలు మొదటి అధ్యాయంలోనే పోతారు. ప్రేమకు అడ్డొచ్చేవాళ్ళను తప్పించాలంటే లోకమే మునగాలని ఆ రాసేవాళ్ళకు బాగా తెలుసు.

ఆ అట్టలకు ఒక పద్ధతి ఉంది. అమ్మాయి మొహం కనబడాలి, అబ్బాయి వీపు కనబడాలి. "మొహం చూపిస్తే వాడొక్కడే హీరో. వీపు చూపిస్తే, చదివే ప్రతి పిల్లా తనకు నచ్చినవాడి మొహం పెట్టుకుంటుంది," అనేవాడు పబ్లిషరు. ఎదురుగా మనుషులు నిలబడితే తప్ప అన్నయ్యకు చెయ్యి ఆడదు. బయటివాళ్ళు దండగని కూతుర్నే నిలబెట్టాడు. వీపు కోసం, ప్రెస్సు నుంచి పుస్తకాల కట్టలు మోసుకొచ్చే అబ్బాయిని పిలిచాడు. మోసి మోసి ఆ అబ్బాయి ఎడమ భుజం కాస్త కిందికి వాలి ఉండేది. అన్నయ్యకు అది తెగ నచ్చింది.

తల్లి లేని పిల్లను మేనత్తనైన నేనే పెంచాను. డాబా మీద విరిగిన కుర్చీలూ పాత తలుపులూ కుప్పపోసి, వాటి మధ్య ఇద్దర్నీ నిలబెట్టేవాడు అన్నయ్య. "ఇంకా దగ్గరికి జరుగమ్మా. చెయ్యి గట్టిగా పట్టుకో. లోకం అంతమైపోతోంది, వీడు తప్ప నీకింకెవరూ లేరు. అలా చూడు," అని దగ్గరుండి నేర్పించాడు. పిల్ల అలాగే చూసింది. బొమ్మ పూర్తయ్యాక కూడా చూస్తూనే ఉంది.

నేను మంచినీళ్ళు పట్టుకెళ్ళి ఆ అబ్బాయితో నాలుగు మాటలు మాట్లాడేదాన్ని. అన్నయ్య మాత్రం "వీపూ, కదలకు, మాట్లాడకు," అనేవాడు. అంతకు మించి పిలుపు లేదు, ఆ మొహం వంక ఒక్కసారి సరిగ్గా చూసిందీ లేదు.

పెళ్ళి చేసుకుంటామని పిల్ల చెప్పిన రోజు అన్నయ్య చిందులు తొక్కాడు.

"నేను పట్టుకోమన్నది బొమ్మ కోసం. మూటలు మోసేవాడికిస్తానా నిన్ను?"

"నువ్వు ఇన్నాళ్ళూ బతికింది ఆ వీపు మీదే కదా నాన్నా," అంది పిల్ల.

చెంప ఛెళ్ళుమంది. నేను ఆ అబ్బాయి పేరెత్తబోతే, "వాడి పేరు ఈ ఇంట్లో వినబడకూడదు," అని నా నోరూ మూయించాడు. తెల్లారేసరికి పిల్ల లేదు.

అప్పుడు వెతకడానికి బస్టాండుకు పరిగెత్తాడు మహానుభావుడు. పిల్ల ముసుగేసుకుని ఉంటుందని, అబ్బాయిని పట్టుకోబోయాడు. మొహం తెలిస్తే కదా. కనబడిన ప్రతి కుర్రాడి వెనకాలా నడిచి వీపులు పరీక్షిస్తుంటే, ఎవడో జేబుదొంగ అనుకుని కాలరు పట్టుకున్నాడు.

ఏళ్ళు గడిచాయి. పిల్ల నాకైనా ఫోన్ చెయ్యలేదు. నాకు కడుపు మండేది, ఆ వెంటనే ఏడుపొచ్చేది. అన్నయ్య పైకి ఏమీ అనడు గానీ, ఎదురుగా ఎవర్ని నిలబెట్టి వేసినా అట్ట మీద మా పిల్ల మొహమే. "వస్తే తలుపు తీస్తావా?" అని ఒకరోజు అడిగేశాను. "రానీ, చూద్దాం," అన్నాడు. అతని నోట అంతకన్నా మెత్తని మాట రాదు. దాన్నే పట్టుకుని ఎదురుచూశాను.

మొన్న నేను టైలరు కొట్టులో పనికి వెళ్ళినప్పుడు ఒకతను వచ్చాడట. గడ్డం, కళ్ళజోడు, భుజాన నిద్రపోతున్న పాప. చేతిలో అన్నయ్య అట్ట వేసిన నవల.

"ఈ బొమ్మ మీరేనా వేసింది?"

"నేనే. ఏం కావాలి?"

"ఈ అమ్మాయి ఎవరండీ?"

ముక్కూ మొహం తెలియనివాడితో ఇంటి గుట్టు ఎందుకనుకున్నాడు అన్నయ్య. కూతురు వెళ్ళిపోయిందని చెప్పడానికి పరువు అడ్డొచ్చింది.

"ఎవరూ కాదు. ఊహించి వేశాను."

"మీ వాళ్ళెవరూ కాదా?"

"కాదన్నానుగా. నాకు పిల్లల్లేరు."

అతను పాపను భుజం మీద సర్దుకున్నాడు. "సరేనండీ," అని పుస్తకం బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

అతను వీధిలోకి దిగాక అన్నయ్య కుంచె కడుక్కుంటూ తలెత్తి చూశాడు. ఎడమ భుజం కిందికి వాలి ఉంది. ఎండ తగిలి పాప లేచి, ఆ భుజం మీంచి వెనక్కి చూసింది. మా పిల్ల మొహమే. ఇన్నేళ్ళూ తను వేసిన అట్ట అలాగే నడిచి వెళ్ళిపోతోంది.

చెప్పులు కూడా లేకుండా పరిగెత్తాడు. పిలుద్దామంటే పేరు తెలియదు. "బాబూ, బాబూ," అని అరిస్తే వీధిలో సగంమంది తిరిగి చూశారు. అతను మాత్రం ఆగకుండా మలుపు దాటిపోయాడు.

నేను ఇంటికొచ్చేసరికి అన్నయ్య గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. జరిగిందంతా చెప్పాడు.

"వాడి పేరేమిటే?" అని అడిగాడు.

చెప్పాను. నోరు తిరగనివాడిలా రెండుసార్లు తనలో తనే అనుకున్నాడు.

"మరి పాప పేరు?"

అది నాకూ తెలియదు.