ఓబులన్న చేతికి నేను చేసిన ద్రోహం

నా సంసారం ఒక అబద్ధంతో మొదలైంది. ఇన్నేళ్ళూ దాన్ని మోశాను. మోస్తూనే హాయిగా బతికాను. నన్ను ఎక్కువగా తొలిచింది ఆ హాయే. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది బళ్ళారి జిల్లా తారానగర్. అప్పట్లో సండూరులో ఒక మెకానిక్ షెడ్డులో పనిచేసేవాణ్ణి. మా ఊరి రైతు ఓబులన్న తన ట్రాక్టరు ట్రైలర్‌ను బాగుచేయమని తెచ్చాడు. చక్రం బోల్టు ఒకటి విరిగింది. సరైనది దొరకలేదు. ఎడమ మర ఉన్న పాతదొకటి కనిపిస్తే, దాని నట్టుతో సహా అదే వేసేశాను. మామూలు నట్టు వదులయ్యే వైపు తిప్పితే అది ఇంకా బిగుస్తుంది. ఆ మాట ఓబులన్నకు చెప్పలేదు. మరిచిపోయానా? బద్ధకించానా? ఇప్పటికీ తేల్చుకోలేను.

కొన్నాళ్ళకు మా సంఘంలో ఒక పెళ్ళి వచ్చింది, బళ్ళారి కంటోన్మెంట్ చర్చిలో. ఓబులన్న మా సంఘం మనిషి కాకపోయినా, "మన ఊరి పెళ్ళే గదప్పా" అంటూ మమ్మల్నందరినీ ట్రైలర్‌లో ఎక్కించుకున్నాడు. సుగుణ కూడా ఉంది. ఆ పిల్లతో ఒక్క మాట మాట్లాడాలని ఏడాదిగా చూస్తున్నాను.

దారిలో టైరు పంక్చరైంది. కచ్చితంగా ఆ చక్రమే. మిగతా నట్లన్నీ ఊడాయి, ఒక్కటి తప్ప. జాతరలో రాతిగుండు ఎత్తే పోటీల్లో ఓబులన్నకు ఎదురులేదు. అలాంటివాడు పానాకు పైపు తగిలించి వేలాడాడు. ఆడవాళ్ళు గట్టున కూర్చుని పెళ్ళి పాటలందుకున్నారు. ఖనిజం లారీలు లేపిన ఎర్రదుమ్ము పట్టుచీరల మీద పడుతున్నా ఎవరూ పాట ఆపలేదు.

"ఏందప్పా ఇది, తిప్పేకొద్దీ బిగుసుకుంటాండాది!" అన్నాడు ఓబులన్న.

నాకు అప్పుడు గుర్తొచ్చింది. అవతలివైపు తిప్పన్నా అంటే సరిపోయేది. కానీ తప్పు నాదని బయటపడుతుంది, అదీ సుగుణ ముందు. నోరు మెదపలేదు. ఆయన అరచేయి బొబ్బలెక్కింది. ఇంకొంచెం లాగితే బోల్టు విరుగుతుందేమోనని భయమేసి లేచాను.

"నేను చూస్తానన్నా."

"సాకప్పా సాకు, ఇంక చాలు, నాకే కాలేదు, నీకేమవుతాది?" అంటూనే పానా ఇచ్చాడు.

అందరికీ నా వీపు అడ్డంపెట్టి, పైపు మీద బరువంతా వేసి అవతలివైపు తొక్కాను. కిర్రుమంది. ఊడింది. పాట ఆగి చప్పట్లు మోగాయి. సుగుణ కూడా కొట్టింది. అందరికంటే గట్టిగా ఓబులన్నే కొట్టాడు. "భలే చెయ్యప్పా నీది!" అని నన్ను ఎత్తి తిప్పాడు.

సుగుణ వాళ్ళ నాన్నకు నా గురించి చెప్పింది ఆయనే. పెళ్ళి కుదిర్చిందీ ఆయనే. ఆ ఏడు జాతరలో మాత్రం గుండు ఎత్తే పోటీకి పోలేదు. "చేతిలో సత్తువ తగ్గినాదప్పా, చిన్న నట్టుకే ఓడిపోతి" అన్నాడట. మళ్ళీ ఎప్పుడూ పోలేదు. నేను ఆపగలిగేవాణ్ణి కదా? ఒక్క మాటతో? ఇంట్లో సుగుణ నవ్వు వినిపిస్తుంటే, ఆ మాట రేపు చెబుదాంలే అనుకుంటూ ఎన్ని రేపులు గడిపానో.

పోయిన ఆదివారం మా కొత్త ఇంటి ప్రార్థన. భోజనాల దగ్గర ఓబులన్న కొత్త చుట్టాలకు మళ్ళీ ఆ నట్టు కథే ఎత్తుకున్నాడు, నా భుజం తడుతూ. ఇక నావల్ల కాలేదు. నిలబడి అంతా చెప్పేశాను. కొందరు పొట్ట పట్టుకుని నవ్వారు. సుగుణ నవ్వలేదు. ఓబులన్న కుడిచెయ్యి పైకెత్తి, పిడికిలి మూసి తెరిచి, చాలాసేపు చూసుకున్నాడు.

"అయితే, నా చెయ్యి బాగానే ఉండిందా?"

"బాగానే ఉండిందన్నా."

ఓబులన్న చెయ్యి కడుక్కుని, తువ్వాలు దులిపి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. క్షమించాడో లేదో తెలియదు. క్షమించమని అడిగే ముఖం నాకు లేదు. సుగుణ ఇంకా ముభావంగానే ఉంది. అయినా ఆ మధ్యాహ్నం అందరూ వెళ్ళాక, మిగిలిన బిర్యానీ గిన్నె ముందు చతికిలబడి, ఎన్నేళ్ళ ఆకలో అన్నట్టు తిన్నాను.