ఖాళీ వదిలినవాడికి బెంగుళూరు

నా కుళ్ళుకు కారణమైనవాడు పెనుకొండ నుంచి రోజూ బస్సులో వచ్చేవాడు. రెండువేల దశకం మధ్యలో, హిందూపురంలో ఎరువుల కొట్టు పైనున్న ఆఫీసులో మేమిద్దరం వెబ్‌పేజీలు చేసేవాళ్ళం. దారంతా నిలబడి వచ్చినా వాడి చొక్కా నలిగేది కాదు. నాకు అక్కడే మొదలైంది.

ధర్మవరం పట్టుచీరల కొట్టు ఒకటి పేజీ కావాలంది. మాకు పనులు పంపే బెంగుళూరు కంపెనీ ఒక షరతు పెట్టింది: చూపులేనివాళ్ళు కూడా ఆ పేజీ వాడుకోగలగాలి. ఇద్దరం చెరొకటి చేయాలి. ఎవరిది బాగుంటే వాళ్ళకు బెంగుళూరులో ఉద్యోగం. తేల్చేది ధర్మవరంలో ఉండే చూపులేని మాస్టారు. ఆయన వాడే సాఫ్ట్‌వేర్ తెరమీది మాటలన్నీ పైకి చదువుతుంది. బొమ్మ వస్తే, దాని వెనక మనం రాసిపెట్టిన వివరణ చదువుతుంది.

నేను ఏ బొమ్మనూ వదల్లేదు. చీరలకే కాదు, చీరకూ చీరకూ మధ్య అలంకారంగా గీసిన గీతలకు కూడా ‘ధగధగలాడే బంగారు జరీ గీత’ అని రాశాను. పక్కకు తొంగిచూస్తే, వాడు గీతల దగ్గర ఏమీ రాయలేదు. ఖాళీ. ఆ పూట నాకు అన్నం బాగా సహించింది.

శనివారం మాస్టారు వచ్చారు.

“ఎప్పుడూ కొట్టోడు చెప్పిన చీరే మా ఆడమనిషికి తీసకపోతాండా. ఈసారి నేనే ఏరుకోవల్ల” అన్నారు.

ముందు నా పేజీ. కంప్యూటర్ గొంతు విప్పింది. బంగారు జరీ గీత. ఒక చీర. బంగారు జరీ గీత. మళ్ళీ బంగారు జరీ గీత.

“ఏమబ్బా, ఇంగ చీరలు యాడుండాయి?”

“కిందుండాయి సార్, వస్తాయి.”

“నేను చీర కొనేకి వచ్చినా. పోగులు లెక్కబెట్టేకి కాదు.”

మా ఓనరుకు సరిగ్గా అప్పుడే దగ్గొచ్చింది.

తర్వాత వాడి పేజీ. గొంతు చీర నుంచి చీరకు నేరుగా నడిచింది. ‘మామిడాకు పచ్చ చీర, నేరేడుపండు రంగు అంచు’ దగ్గర మాస్టారు ఆగి, మళ్ళీ విన్నారు.

“ఇదే. నీ దాంట్లో గీతలు లేవా?”

“ఉండాయి సార్. అవి చూసేటోళ్ళ సోకుకు. మీకు చెప్పి ఏం లాభం? వివరం ఖాళీగా ఇడిస్తే గమ్మున దాటిపోతాది.”

“తెలివైనోడివప్పా.”

ఏమీ రాయనందుకు! పరీక్షల్లో నేనూ ఎన్నో ఖాళీలు వదిలాను. ఏ అయ్యవారూ ఆ మాట అనలేదు.

వాడు బెంగుళూరు పోయాడు. వాడికంటే బాగా చేసి చూపించాలని నేనూ చూపులేనివాళ్ళకు పనికొచ్చే పేజీలు చేయడమే పట్టుకున్నాను. అర్థం కానిదల్లా వాడికే ఫోన్ చేసి అడిగాను. పగవాడి దగ్గర ట్యూషన్ అన్నమాట, అదీ ఉచితంగా. మౌస్ లేకుండా పేజీ అంతా తిరిగేలా, ఫారం నింపేలా చేయడం నేర్చుకుని ఆ చీరల కొట్టు పేజీని మళ్ళీ చేశాను. నాలుగు దీపావళులు పట్టింది. మాస్టారు దాంట్లో ఎవరి సాయమూ లేకుండా చీర ఎంచుకుని, ఆర్డరిచ్చి, నాకు ఫోన్ చేశారు.

“బాగా చేసినావబ్బా. యాడా తట్టుకోలేదు.”

నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను.

“అవునూ, ఆ పెనుకొండ పిల్లోడు ఎట్లుండాడు? వాని నెంబరుంటే ఇయ్యి, వానికీ ఒక మాట చెప్తా.”

ఇచ్చాను. కంఠతా వచ్చిన నంబరే అయినా, కాసేపు కాగితాలు గలగలలాడించి మరీ ఇచ్చాను.